టిల్లర్ ఎక్స్‌టెన్షన్: మూడేళ్ల వాడకం తర్వాత

టిల్లర్ అంటే బోటు మోటారుని తిప్పే, వేగం పెంచి తగ్గించే చేతికర్ర; ఎక్స్‌టెన్షన్ అంటే దాని పిడికి తగిలించే పొడవాటి గొట్టం. కొన్న కొత్తలో రాసి ఉంటే ఇదంతా పొగడ్తే అయ్యేది. మూడో ఏడు నడుస్తోంది కాబట్టి కొంచెం తగ్గించి చెబుతాను.

నాది 14 అడుగుల అల్యూమినియం బోటు, 15 హార్స్‌పవర్ మోటారు. చేపలకి ఎక్కువగా ఒక్కడినే వెళ్తాను. నా బరువు 85 కిలోలు. వెనక బల్ల మీద నేను, నా వెనకే మోటారు, కాళ్ల దగ్గర పెట్రోలు ట్యాంకు, పక్కన బ్యాటరీ. ఇక ముందు ఏముంటుంది? ఖాళీ. యాక్సిలరేటర్ తిప్పగానే ముక్కు ఆకాశం చూసేది, దారి కనపడక నేను సగం లేచి నిలబడేవాణ్ణి. వేగం అందుకున్నాక ముక్కు ఎగిరి పడుతూ గుర్రం దౌడు మొదలయ్యేది. పక్కగాలి తగిలిందా, నీళ్లని అంటని ఆ ముక్కు గాలి ఎటంటే అటే.

మొదట ప్రొపెల్లర్ పైన ఉండే పలకకి ప్లాస్టిక్ రెక్క బిగించాను. కనపడ్డవాళ్లందరికీ కొనమని చెప్పాను కూడా. ముక్కు తొందరగా దిగిన మాట నిజమే. కానీ వెనక నుంచి అల తోసినప్పుడు ముక్కు నీళ్లలో గుచ్చుకుని బోటు పక్కకి లాగేది. రెక్క పీకేశాను, దానికోసం పలకలో వేసిన నాలుగు రంధ్రాలు అలాగే ఉన్నాయి.

ఒకరోజు ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ముందు బల్ల కింద పెడితే బోటు సగం బుద్ధిగా నడిచింది. అప్పుడు వెలిగింది. ముందుకి జరగాల్సింది నేనే. రెండడుగుల ఎక్స్‌టెన్షన్ తెచ్చి టిల్లర్ పిడికి తగిలించి, మధ్య బల్ల మీదకి మారాను. ట్యాంకుకి పొడవాటి పైపు వేసి దాన్నీ ముందుకి జరిపాను. ముక్కు దిగింది! మిగిలిన కాస్త దౌడు, మోటారు ఎంత వాలి ఉండాలో సరిచేసే పిన్నుని బోటు వైపుకి ఒక రంధ్రం జరిపితే పోయింది. కూర్చుని దారి చూడటం ఇంత హాయిగా ఉంటుందని అన్నాళ్లూ తెలియదు.

ఎనిమిది నెలలు బాగానే గడిచింది. ఒక సాయంత్రం ఒడ్డుకి తిరిగొస్తూ వేగం తగ్గిద్దామని గొట్టం తిప్పాను. గొట్టం తిరిగింది, లోపల పిడి తిరగలేదు. ఇంకాస్త తిప్పాను, అదే కథ. ఎదురుగా రాళ్లు. పిడినే పట్టుకుందామని కంగారుగా లేవబోతే మణికట్టుకి కట్టుకున్న కిల్ స్విచ్ (లాగితే మోటారు ఆపేసే మీట) తాడు లాగి మోటారు ఆగిపోయింది. మధ్య బల్ల నుంచి ఆ తాడు అందీ అందనట్టు ఉంటుంది. చేపని అందుకోవడానికి వంగినప్పుడల్లా మోటారు ఆపేస్తోందని అంతకుముందు ఎన్నిసార్లు తిట్టుకున్నానో! ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు.

విప్పి చూస్తే లోపలి రబ్బరు తొడుగు ఆయిలు పట్టి జారుతోంది. తొడుగు తీసేసి, పిడిని శుభ్రంగా తుడిచి, రెండు స్క్రూ క్లిప్పులతో బిగించాను. మళ్లీ జారలేదు. అయినా బయల్దేరే ముందు మోటారు ఆపి ఉండగానే ఒకసారి గట్టిగా తిప్పి చూస్తాను.

ఇబ్బందులు లేకపోలేదు. గేరు మార్చాలంటే వెనక్కి చెయ్యి చాచాలి. ఒడ్డు దగ్గర, వేరే బోట్ల మధ్య ఎక్స్‌టెన్షన్ పక్కన పెట్టి వెనక బల్ల మీదకే వెళ్తాను. మా బావ వచ్చి ముందు కూర్చున్న రోజు దీన్ని తగిలించనే తగిలించను. ఇద్దరం ముందుకి చేరితే ముక్కు మరీ దిగి, బోటు దాని మీదే తిరగబోతుంది. బోటు అడుగున సొట్ట పడి ఉంటే మాత్రం ఇవేవీ పనిచేయవు, ముందుగా బోటు వెనక సగం కింద ఒక తిన్నని బద్ద ఆనించి చూసుకోండి.

నాలా ఒంటరిగా, కాస్త లావుగా, టిల్లర్ మోటారుతో తిరిగేవాళ్లయితే కొనొచ్చు. ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఎక్కే బోటుకి దీంతో పని పడకపోవచ్చు.