పాత క్యారియర్, పచ్చడి సీసా, బొంత ముక్క: ఇంటి టీకి ఏది అక్కరకొస్తుంది?

ఐదు నిమిషాల్లో అయిపోవాల్సిన టీకి పావుగంట పడుతోందంటే, మిగతా పది నిమిషాలూ వెతుకులాటకే పోతున్నట్టు. పంచదార ఒక గూట్లో, టీపొడి ఇంకో గూట్లో, వడకట్టేది గిన్నెల అడుగున. అన్నీ ఒకే పళ్లెంలోకి చేరితే సాయంత్రం టీ నిజంగా విశ్రాంతిగా ఉంటుంది. దానికి కొత్త టీ సెట్టు కొననక్కర్లేదు. శ్రీకాకుళం వైపు ఇళ్ల అటకల మీద ఉండే సామాను చాలు. అయితే అన్నిటికీ ఒకే మార్కులు వెయ్యలేం.

ఎక్కువ మార్కులు గాజుసీసాకే, పదికి తొమ్మిది. టీపొడి చెమ్మనీ వాసననీ ఇట్టే పీల్చుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ప్యాకెట్టుకి రబ్బరు బ్యాండు వేసి వదిలేస్తే పొడి ఘాటు తగ్గిపోతుంది. బిగుతు మూత ఉన్న సీసా అయితే ఆ బాధ లేదు. పచ్చడి సీసా వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆవ వాసన గాజులో ఉండదు, మూత లోపలి మెత్తటి పొరలో ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి మూతని రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఎండలో పెట్టండి. ముక్కు దగ్గర పెట్టుకు చూస్తే ఇంకా ఆవ తగులుతుంటే ఆ సీసాని ఉప్పుకి ఇచ్చేయండి, టీపొడికి వద్దు. మందు సిరప్‌తో వచ్చే చిన్న కొలత కప్పుని బాగా కడిగి, తడి లేకుండా ఆరబెట్టి సీసాలోనే ఉంచితే చెంచా వెతికే పని కూడా తప్పుతుంది. 10 మిల్లీలీటర్ల గీత దాకా టీపొడి తీస్తే రెండు చెంచాలు, అంటే ఇద్దరికి సరిపడా.

స్టీలు టిఫిన్ క్యారియర్‌కి ఏడు. పై గిన్నెలో బిస్కెట్లు, నడిమి దాంట్లో జంతికలు, అడుగున పలాస జీడిపప్పు ముక్కలు. గుండు పప్పు కంటే ముక్క చవక, టీ పక్కన నమలడానికి రుచిలో తేడా ఏమీ ఉండదు. క్యారియర్ లోపమల్లా గిన్నెకీ గిన్నెకీ మధ్య గాలి ఆడటం. వానాకాలంలో జంతికలు తొందరగా మెత్తబడతాయి, అందుకని రెండ్రోజుల సరుకే నింపండి. చీమలొస్తే పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఒక గిన్నె బోర్లించి, దానిమీద క్యారియర్ నిలబెట్టండి. అడుగు తడవదు.

వడకట్టడానికి పాత నూలు పంచె ముక్క మంచిదే, కానీ ఏ పంచె అన్నదే అసలు సంగతి. పొందూరు సన్న నూలు ఖద్దరు పాల టీకి పనికిరాదు. మీగడ దారాల మధ్య పట్టేసి టీ చుక్కచుక్కగా దిగుతుంది, గ్లాసు నిండేలోపు చల్లారిపోతుంది. కాస్త ముతక నేత తీసుకుని, జానెడు చదరంగా కత్తిరించి, పది నిమిషాలు నీళ్లలో మరిగించాక వాడండి. టీ పొయ్యగానే ఉత్త నీళ్లతో జాడించి ఎండలో ఆరెయ్యాలి. రాత్రిదాకా సింకులో ఉంచితే పాలు పులిసి, మర్నాటి టీకి ఆ పులుపు ఎక్కుతుంది. సబ్బు వద్దు, వాసన గుడ్డని వదలదు.

బుడితి ఊళ్లో చేసే ఇత్తడి గ్లాసులు చూడముచ్చటగా ఉంటాయి. కానీ లోపల కళాయి పూత అరిగిపోయి పసుపురంగు కనిపిస్తుంటే అందులో టీ పొయ్యకండి, ముఖ్యంగా నిమ్మకాయ టీ. పులుపు తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుంది. మళ్లీ కళాయి పెట్టించేదాకా చెంచాలు నిలబెట్టుకోవడానికి వాడుకోండి.

టీ కాచేటప్పుడు ఇద్దరికి గ్లాసు నీళ్లు, ముప్పావు గ్లాసు పాలు. దంచిన అల్లం నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు మరిగాకే పాలు పొయ్యాలి. పచ్చి అల్లం తగిలితే పాలు విరుగుతాయి. బెల్లం వేసేవాళ్లు పొయ్యి కట్టేశాక, పొంగు తగ్గాక వెయ్యండి. బెల్లంతో కలిపి మరిగిస్తే అప్పుడూ పాలు విరుగుతాయి.

రెండో విడత టీ వెచ్చగా ఉంచడానికి పాత ఫ్లాస్కు కంటే బొంత ముక్క మేలు. ఫ్లాస్కు మూత రబ్బరులో పాల వాసన చేరితే వదలదు. ఊపినప్పుడు లోపల గాజు గలగలమంటే దాన్ని అసలు వాడకూడదు. చిరిగిన బొంతలో గట్టిగా ఉన్నచోట మూరెడు ముక్క కోసి, అంచులు కుట్టి, మూత పెట్టిన స్టీలు గిన్నెకి చుట్టండి. అడుగున ఇంకో మడత తప్పనిసరి, లేకపోతే వేడి గచ్చులోకి దిగిపోతుంది. ఇలా అరగంట దాకా తాగేంత వేడి నిలుస్తుంది. అంతకుమించి ఆగితే రుచి చేదెక్కుతుంది కాబట్టి, ఆలస్యంగా వచ్చేవాళ్లకి మళ్లీ కాచడమే మంచిది.