పెరటి గడ్డితో చుట్టిన బుట్టలు: ఐదేళ్లు వాడాక

మా పెరట్లో వట్టివేరు పిలకలు పాతింది 2019 వానాకాలంలో. బుట్టల కోసం కాదు, వెనక బోదె గట్టు కోసుకుపోతోందని. దాని వేర్లు పక్కకు పాకకుండా నిలువునా లోతుకు దిగుతాయి. గట్టు నిలిచింది. ఆకు మాత్రం నడుము దాటి పెరిగి, ఏడాదికి మూడుసార్లు కోసి పారెయ్యాల్సి వచ్చేది. ఆ పారేసే ఆకుతోనే నాకీ పిచ్చి పట్టింది. ఇప్పటికి చిన్నా పెద్దా కలిపి ఇరవై మూడు బుట్టలు చుట్టాను. రోజూ వాడుతున్నవి తొమ్మిది. మిగతావి ఎందుకు పోయాయో, ఇవి ఎందుకు మిగిలాయో చెబుతాను.

ఇది మేదర అల్లిక లాంటిది కాదు. వేలెడు లావు గడ్డికట్టను గుండ్రంగా చుట్టుకుంటూ, ప్రతి చుట్టునూ కింది చుట్టుకు కలిపి కుట్టుకుంటూ పోవడమే. వరిగడ్డితో వెంటి పేని, దాన్ని చుట్లు చుట్లుగా వేసి ధాన్యం పురి కట్టడం చూసినవాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. నా మొదటి బుట్ట చూసి మా అత్తయ్యగారు, "కుండ కింద కుదురు చాలదా అమ్మా, దానికి గోడలు కూడానా?" అన్నారు.

ముందు గడ్డి సంగతి. నిమ్మగడ్డి మీద ఆశ పెట్టుకోకండి. కోసేటప్పుడే దాని అంచు వేళ్లు కోస్తుంది. ఎండాక పెళుసు, వంపు తిప్పిన చోటల్లా విరుగుతుంది. ఊరించే ఆ వాసన మూడు వారాలు కూడా నిలవలేదు. దాంతో రెండు బుట్టలు చేస్తే, రెండూ రెండో వేసవికల్లా పొట్టు రాల్చాయి. వట్టివేరు ఆకు చూడ్డానికి మొరటు గానీ గట్టిది. 2020 సంక్రాంతికి చుట్టిన ఉల్లిపాయల బుట్టలో గడ్డి ఇప్పటికీ విరగలేదు, రంగు మాత్రం పాత పుస్తకంలా మారింది. వట్టివేరు బుట్ట అనగానే ఇంటికొచ్చినవాళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఆ పరిమళం వేరుది, ఆకుకు ఏ వాసనా ఉండదు. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఆకును నీడన పది రోజులు ఆరబెడతాను. ఎండలో వేస్తే తొందరగా ఆరుతుంది కానీ చేతిలో చిట్లుతుంది. చుట్టే ముందు రాత్రి నీళ్లు చిలకరించి తడి తువాలులో చుట్టిపెడితే తెల్లారేసరికి మెత్తబడుతుంది. మొదట్లో నేను బకెట్లో నానబెట్టాను. నానిన గడ్డి ఉబ్బి, బుట్ట బిగువుగా, ముద్దుగా వచ్చింది. నాలుగు రోజులకు ఆరి గడ్డి కుంచించుకుపోయింది. చుట్ల మధ్య సందులు పడి, పప్పు పోస్తే కిందికి రాలింది. అలా మూడు పోయాయి.

కానీ అసలు గొడవ దారంతో. నా బుట్టల్లో ఎక్కువ చెడింది గడ్డి వల్ల కాదు, కుట్టు వల్ల. పురికొసతో కుట్టడం సులువు, అందం కూడా. కానీ శ్రావణమాసం ముసురుకు తేమ పట్టి బూజెక్కింది, తర్వాత ఎలుకకు రుచించింది. ఎలుక గడ్డి జోలికి పోలేదు, పురికొస ఒక్కటే కొరికింది. అరటినార లాగితే తెగదు, కానీ చేతులు తగిలే అంచు దగ్గర పీచు లేస్తుంది. నూలు దారానికి తేనెమైనం రుద్ది కుట్టినవి ఇప్పటిదాకా ఒక్కటీ ఊడలేదు. నా ఓటు దానికే.

ఈతాకు చీలికలతో కుట్టినవి నాలుగున్నాయి, అన్నిటికంటే అందమైనవి అవే. వాటికి దబ్బనం పనికిరాదు, చీలిక కన్నంలో పట్టక చిరుగుతుంది. అమెరికాలో సౌత్ కరోలినా తీరాన గల్లా జాతి వాళ్లు తాటి జాతి ఆకు చీలికలతో ఇలాంటి చుట్టు బుట్టలే కుడతారు. వరి పొలాల్లో బానిసలుగా పనిచేసిన వాళ్ల పూర్వీకులు పశ్చిమ ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న విద్య అది. వాళ్ల పనిముట్టు అరగదీసిన చెంచా కాడ. దాంతో సందు చేసి చీలికను దూరుస్తారు. మా వంటింట్లో తల విరిగిన స్టీలు చెంచా కాడను సానరాయి మీద అరగదీసుకున్నాను. ఆ రోజు నుంచి చీలికలు చిరగడం తగ్గింది.

తడి తగిలే పనికి ఈ బుట్టలు వద్దు. కడిగిన కూరగాయలు వేసిన బుట్టకు వారంలో అడుగున నల్లమచ్చలు వచ్చాయి. ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి, తాళంచెవులు, దూదివత్తులు అయితే నిక్షేపంగా ఉంటాయి. ముసురు వదిలాక ఒక పూట ఎండ చూపించి పొడి బ్రష్‌తో దులపాలి, అంతే సేవ.

డబ్బు మిగులుతుందని మాత్రం ఎవరూ మొదలుపెట్టకండి. ఎనిమిది అంగుళాల బుట్టకు నాకు ఇప్పటికీ పదిహేను గంటలు పడుతుంది. అందులో మొదటి మూడు చుట్లకే గంటన్నర, అక్కడ గడ్డి వంగనని మొరాయిస్తుంది. అంత లావు వెదురు బుట్ట సంతలో కొనుక్కుంటే ఆ పదిహేను గంటలూ మిగులుతాయి. మా ఆయన ఈ లెక్క అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటారు.

ఉల్లిపాయల బుట్టకు పోయిన నెల అంచు కుట్టు విప్పి మళ్లీ వేశాను. గడ్డి అదే. దారం మూడోది.