విండోస్ అప్‌గ్రేడ్: లోపలి నుంచా, పెన్‌డ్రైవ్ నుంచా?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11కి మారేవాళ్లకు రెండు దారులున్నాయి: నడుస్తున్న విండోస్‌లోనే ఐఎస్ఓ (ఇన్‌స్టాల్‌కు కావాల్సినవన్నీ ఉండే ఒకే ఫైల్) తెరిచి సెటప్ నడపడం, లేదా పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయడం. తెర మీద రెండూ ఒకేలా కనిపించినా, పాత సిస్టమ్ సెటప్‌కు తెలిసే తీరు వేరు.

లోపలి నుంచి మొదలుపెడితే వెతుకులాటే ఉండదు. విండోస్ ఏ డ్రైవ్‌లో ఉంది, ఏ ఎడిషన్, ఏ భాష, ఏయే ప్రోగ్రాములు, డ్రైవర్లు ఉన్నాయి అన్నది ఆ సిస్టమే చెప్పేస్తుంది. బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఫీచర్) తాళం కూడా అప్పటికే తీసి ఉంటుంది. నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి వెళ్లొచ్చు.

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే సెటప్ తన సొంత చిన్న విండోస్‌లో నడుస్తుంది. అక్కడ మీ సి డ్రైవ్ డి పేరుతో కనిపించవచ్చు. బిట్‌లాకర్ ఉంటే, 48 అంకెల రికవరీ కీ ఇవ్వనిదే ఆ పార్టిషన్‌లో (డిస్క్‌లోని ఆ భాగంలో) ఏముందో సెటప్ చదవలేదు. తాళం లేని పార్టిషన్‌లో పాత విండోస్ దొరికినా, దాన్ని విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లోకి జరిపి, పక్కన కొత్తది పెడుతుంది, అంతే. ఫార్మాట్ కొట్టకపోతే ఫొటోలు ఆ ఫోల్డర్‌లో దొరుకుతాయి. ప్రోగ్రాములు మాత్రం మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే, విండోస్ తన సెట్టింగుల, ప్రోగ్రాముల వివరాలు రాసుకునే కొత్త రిజిస్ట్రీలో వాటి ఊసే ఉండదు. పాత సెటప్‌లలో ఇక్కడ అప్‌గ్రేడ్ నొక్కితే, విండోస్‌లోకి వెళ్లి అక్కడి నుంచి మొదలుపెట్టమని తిప్పి పంపేది.

లినక్స్‌లోనూ ఇదే జరిగింది. ఫెడోరా అనే లినక్స్ రకం ఇన్‌స్టాలర్‌లో ఒకప్పుడు అప్‌గ్రేడ్ ఆప్షన్ ఉండేది. 2013లో వచ్చిన 18వ వెర్షన్‌తో అది పోయింది. ఇప్పుడు ఫెడోరాలో ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసే డీఎన్ఎఫ్ అనే టూల్, నడుస్తున్న సిస్టమ్‌లోని ప్యాకేజీల జాబితా చూసి, కొత్తవి డౌన్‌లోడ్ చేసుకుని, రీబూట్‌లో మారుస్తుంది.

అందుకే అప్‌గ్రేడ్‌కు నేను లోపలి దారే చెబుతాను. విండోస్ అసలు బూట్ కాకపోయినా, అంతా కొత్తగా కావాలనుకున్నా పెన్‌డ్రైవ్ మేలు. అప్పుడు ఫైళ్ల కాపీ, రికవరీ కీ రెండూ ముందే చేతిలో ఉండాలి.

లోపలి దారిలో టెన్షన్ పెట్టేది భాష. యూఎస్ ఇంగ్లిష్ విండోస్ మీద ఇంటర్నేషనల్ ఇంగ్లిష్ ఐఎస్ఓ నడిపితే, ప్రోగ్రాములు ఉంచుకునే ఆప్షన్ పనిచేయదు. అది బూడిద రంగులో కనిపిస్తే ముందుకు నొక్కకండి, సరైన భాష ఐఎస్ఓ తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టండి.