పారిస్–బ్రెస్ట్–పారిస్: ఎక్కడ ఆగాలి, ఎక్కడ పడుకోవాలి, దేనికి డబ్బు పెట్టాలి

పారిస్ దగ్గర నుంచి ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగొచ్చే సైకిలు యాత్ర ఇది. సుమారు 1,220 కిలోమీటర్లు, 90 గంటలు. సగటు తీస్తే గంటకు పదమూడున్నర. 600 కిలోమీటర్ల బ్రెవెట్ (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిలు యాత్ర) పూర్తిచేసినవాళ్లకి ఈ అంకె చూడగానే ధైర్యం వస్తుంది, ఎందుకంటే తొక్కుతున్నంతసేపూ ఇరవై దగ్గర లాగగలరు. కాస్త నిదానంగా లెక్క వేద్దాం. బ్రెస్ట్ దాకా 610 కిలోమీటర్లు ఇరవై మీద వెళ్తే ముప్పై గంటల పైచిలుకు. తిరుగు దారిలో వేగం పదిహేడుకి పడుతుంది, అంటే ఇంకో 36 గంటలు. మిగిలింది 24 గంటల లోపే. తిండి, నిద్ర, మరుగుదొడ్డి, స్టాంపు, క్యూలు, పంక్చర్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. కంట్రోళ్లు (కార్డు మీద స్టాంపు వేయించుకోవాల్సిన చోట్లు), భోజనాల మజిలీలు కలిపి పదిహేను పైనే ఉంటాయి. ఒక్కోచోట ముప్పావు గంట కూర్చున్నా పదకొండు గంటలు అక్కడే పోయాయి. గడువు దాటిపోయేవాళ్లలో ఎక్కువమంది రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లి దాటరు, బల్లల దగ్గర కూర్చుని దాటతారు. కాబట్టి ఏ బస మంచిది, ఏ సేవ దండగ అని తూచేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: అది నిద్రకి గంటలు మిగులుస్తుందా, మింగేస్తుందా.

1891లో రేసుగా మొదలైన ఈ పోటీలో 1931 నుంచి ఔత్సాహికులకి విడిగా చోటు దొరికింది. ఇప్పుడు ఔత్సాహికులదే. ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నాలుగేళ్లకోసారి ఆగస్టులో నిర్వహిస్తోంది. 2023 తర్వాత వచ్చేది 2027. ఆ ఏడాది 200, 300, 400, 600 బ్రెవెట్లు నాలుగూ పూర్తిచేస్తేనే అర్హత. ముందు ఏడాది ఎంత పొడవైన బ్రెవెట్ చేశారన్నదాన్ని బట్టి పేరు నమోదుకి వంతు వస్తుంది. ముందు వంతు వచ్చినవాళ్లకి బయల్దేరే వేళ ఎంచుకునే వీలుంటుంది కాబట్టి 2026లో కనీసం ఒక 600 చేసి పెట్టుకోవడం తెలివైన పని. భారతదేశంలో ఈ బ్రెవెట్లు ఆడాక్స్ ఇండియా రాండనర్స్ కింద జరుగుతాయి. భారతీయ పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. ఆరోగ్య బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి.

2019 నుంచి ఆరంభం, ముగింపు రెండూ రాంబుయేలో. పారిస్‌కి నైరుతిన, అడవి మధ్య చిన్న ఊరు. హోటళ్లు తక్కువ. ఏడాది ముందే నిండిపోతాయి. ఇక్కడ గది దొరికితే ధర ఎక్కువైనా తీసుకోండి. ముగింపు గీత దాటాక గదికి నడిచి వెళ్లగలగడం ఎంత హాయో అప్పుడు తెలుస్తుంది. దొరక్కపోతే రెండు దారులు. అడవి అంచున కాంపింగ్ ఉంది, చవక, సైకిలిస్టుల సందడి ఉంటుంది, కానీ ఆగస్టు రాత్రి చలికి స్లీపింగ్ బ్యాగు తప్పదు, బయల్దేరే ముందు రోజు నిద్ర సరిగ్గా పట్టదు. రెండోది, రైలు దారిలో ఉన్న సాన్-కాంతాన్ లేదా వెర్సాయ్‌లో దిగడం. గదులు పుష్కలం, తిండి దొరుకుతుంది, మోంపర్నాస్ స్టేషన్ నుంచి రాంబుయే వెళ్లే ఎన్ లైను రైళ్లు వెర్సాయ్‌లోనూ సాన్-కాంతాన్‌లోనూ ఆగుతాయి. చిక్కల్లా ముగిశాకే: నాలుగు రాత్రులు సరిగ్గా నిద్రలేని మనిషి సైకిలుతో రైలెక్కి దిగాలి. పారిస్ నగరం నడిబొడ్డున ఉండడం మాత్రం వద్దు.

విమానాశ్రయం నుంచి సైకిలు పెట్టెతో శివారు రైలు ఆర్‌ఈఆర్ బి, ఆపైన మెట్రో, ఆపైన మోంపర్నాస్ అంటే మెట్లు, ఇరుకు గేట్లు, జనం. ఇద్దరు ముగ్గురు కలిసి ముందే వ్యాను మాట్లాడుకుంటే మనిషికి పడే ఖర్చు పెద్దది కాదు, వీపూ నడుమూ మిగులుతాయి.

పెట్టెలో ఎక్కువగా దెబ్బతినేది వెనక డిరైలర్ హ్యాంగర్, అంటే గేరు మార్చే డిరైలర్ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క. డిరైలర్ విప్పి, బబుల్ కవరు చుట్టి, వెనక చక్రం పక్కన ఉండే ఫ్రేము కడ్డీ చైన్‌స్టే లోపలికి కట్టేయండి. అదే సైజు హ్యాంగర్ ఒకటి అదనంగా పెట్టుకోండి, ఎందుకంటే మీ ఫ్రేముకి సరిపోయేది అక్కడి దుకాణంలో దొరకడం కష్టం. ఫోర్కు మధ్య, వెనక చక్రం చోట అడ్డంగా స్పేసర్లు పెట్టండి. ఎడమ పెడలు మర మిగతావాటికి వ్యతిరేకం అని గుర్తుంచుకోండి. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్ల లోపు అయితే అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు. ట్యూబుకి గ్యాస్ సిలిండర్లు విమానం నియమాలు చూసి పెట్టుకోవాలి. పంపు ఉంటే ఆ గొడవే లేదు.

శనివారం సైకిలు తనిఖీ. లైట్లు ముందు వెనక బిగించి ఉండాలి. ఫ్రేము ప్లేటు, బ్రెవెట్ కార్డు, కాలికి కట్టే చిప్, రిఫ్లెక్టివ్ జాకెట్ తీసుకోవాలి. ఆదివారం మధ్యాహ్నానికల్లా కిరాణా, బేకరీలు మూసేస్తారు, ఆగస్టులో సెలవలకి మూసినవీ ఎక్కువే. మొదటి రాత్రికి కావాల్సిన తిండి ఆదివారం ఉదయమే కొనేయండి.

ఇక దారి. పెద్ద కొండలు లేవు, కానీ చదును కూడా లేదు. ఎక్కుడూ దిగుడూ ఆగకుండా వస్తూనే ఉంటాయి, మొత్తం ఎక్కుడు సుమారు 12,000 మీటర్లు. దారి పొడవునా బాణం గుర్తులుంటాయి. కింద చెప్పే కిలోమీటర్లు 2019 దారి ప్రకారం. బ్రెస్ట్ దాకా వెళ్లేటప్పుడు మోర్తాన్‌లో భోజనం మాత్రమే, స్టాంపు ఉండదు. సుమారు 120వ కిలోమీటరు దగ్గర, అర్ధరాత్రి. అక్కడ క్యూ బాగా పొడుగు. నీళ్లు పట్టుకుని కదిలిపోవడం మేలు. 217 దగ్గర విలేన్-లా-జుయెల్. ఊరంతా వీధిలోకి వస్తుంది. తిరుగు దారిలో అక్కడ పిల్లలు మన పళ్లెం మోసుకుని బల్ల దాకా తెచ్చిపెడతారు. నిజంగా కడుపునిండా తినాల్సిన చోటు అదే. 306 దగ్గర ఫుజేర్, 360 దగ్గర తాంతెనియాక్. రెండింటిలో తాంతెనియాక్ నెమ్మదైన చోటు, మరుగుదొడ్లు దగ్గర, క్యూ చిన్నది. ఫుజేర్‌లో స్టాంపు కొట్టించుకుని తాంతెనియాక్‌లో తినడం బాగుంటుంది.

445 దగ్గర లూదెయాక్. అందరి లెక్కలూ ఇక్కడే తప్పుతాయి. ఆదివారం రాత్రి ఎనిమిదికి బయల్దేరినవాళ్లు సోమవారం రాత్రి ఎనిమిది తొమ్మిదికి ఇక్కడికొస్తారు. సంచులు చేరవేసే సేవలు ఇక్కడే, ముందే బుక్ చేసిన హోటళ్లు ఇక్కడే, పడక హాలూ ఇక్కడే. దాంతో తొంభై గంటల గుంపులో సగం మంది ఒకే మూడు గంటల్లో దిగుతారు. భోజనానికి అరగంట, పడకకి ఇంకో క్యూ, ఆపైన మంచాలు నిండాయని బోర్డు. కాళ్లలో ఓపిక ఉంటే ఇక్కడ సంచి తీసుకుని, బట్టలు మార్చుకుని, ఇరవై నిమిషాల్లో బయటపడి ముందుకెళ్లండి. 488 దగ్గర సాన్-నికోలా-దు-పెలెమ్ ఉంది. అది కంట్రోలు కాదు, తిండీ మంచాలూ ఉన్న మజిలీ. 521 దగ్గర కారే. రెండుచోట్లా లూదెయాక్‌తో పోలిస్తే రద్దీ తక్కువ. అర్ధరాత్రికి సాన్-నికోలా చేరి మూడు గంటలు పడుకున్నవాళ్లు, లూదెయాక్‌లో క్యూ కట్టి రెండు గంటలు పడుకున్నవాళ్ల కంటే ముందే బ్రెస్ట్ చేరతారు.

పడక హాలు పద్ధతి ఇలా ఉంటుంది. బల్ల దగ్గర కొద్ది యూరోలు కట్టి, ఎన్నింటికి లేపాలో చెప్తే మంచం నంబరు పక్కన రాసుకుంటారు. చీకట్లో టార్చి వేసి తీసుకెళ్లి చూపిస్తారు, చెప్పిన వేళకి భుజం తట్టి లేపుతారు. బూట్లు బయటే విప్పాలి. దుప్పటి పలచన, హాలు పెద్దది, చెమట ఆరని బట్టలతో పడుకుంటే అరగంటలో వణుకు మొదలవుతుంది. పొడి బనియను, పల్చటి టోపీ, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు, ఈ మూడూ జేబులో ఉంటే చాలు. లేపే వేళ గంటన్నర గుణిజాల్లో పెట్టుకుంటే లేవడం కాస్త తేలికని చాలామంది అనుభవం.

హోటలు గది? స్నానం, ప్లగ్ పాయింటు, నిశ్శబ్దం నిజంగా విలువైనవే. అయితే మీరు వచ్చే వేళ నాలుగు గంటలు అటూ ఇటూ అవుతుంది. చిన్న హోటళ్లలో రాత్రి రిసెప్షన్‌లో ఎవరూ ఉండరు, తలుపు కోడ్ ముందే మెయిల్లో తెప్పించుకోకపోతే బయటే నిలబడాలి. ఒకే ఒక్క గది బుక్ చేయాలంటే తిరుగు దారిలో, మంగళవారం రాత్రికి చేయండి. అప్పటికి గుంపు చెల్లాచెదురవుతుంది, మీ వేగం మీకు తెలిసిపోతుంది. గది వద్దనుకుంటే లూదెయాక్ దాటాక కెదియాక్‌లో పడుకోవచ్చు, తిరుగు దారిలో ప్రశాంతమైన చోట్లలో అదొకటి. బుధవారం రాత్రికి విలేన్ లేదా మోర్తాన్.

సంచి చేరవేసే సేవకి డబ్బు పెట్టడం సబబే. లూదెయాక్ ఒక్కచోటే చాలు. అక్కడికి వెళ్లేటప్పుడు 445, వచ్చేటప్పుడు 783, అంటే ఒకే సంచి రెండుసార్లు అందుతుంది. అందులో పెట్టాల్సినవి: ప్యాడెడ్ షార్టులు రెండు, సాక్సులు, చర్మానికి రాసే క్రీము, నింపిన పవర్ బ్యాంకు, టైరొకటి, ట్యూబులు రెండు, చైన్ ఆయిలు. బ్రెస్ట్‌లో ఇంకో సంచి అంటే అక్కడ విప్పి సర్దడానికి ఇంకో అరగంట పోతుంది. సొంత కారుతో మనిషిని వెంటబెట్టుకోవచ్చు, కానీ సాయం కంట్రోళ్ల దగ్గర మాత్రమే, కారు వేరే దారిన రావాలి. రోడ్డు మీద అందిస్తే శిక్ష పడుతుంది.

కారే నుంచి బ్రెస్ట్ మధ్య రోక్ ట్రెవెజెల్ ప్రాంతం, దారి మొత్తంలో ఎత్తైన భాగం. వాలు తక్కువగా, పొడవుగా ఉంటుంది. పొగమంచులో దిగేటప్పుడు చేతివేళ్లు కొంకర్లు పోతాయి, పైకి చేరేలోపే గ్లవ్స్, జాకెట్ వేసుకోవాలి. బ్రెస్ట్‌లోకి 1930లో తెరిచిన పాత ఆల్బేర్ లూప్ వంతెన మీదుగా వెళ్తారు. ఫోటో అక్కడే. ఊళ్లోని కంట్రోలు దగ్గర ఎక్కువసేపు ఆగడానికి కారణమేమీ కనపడదు.

శాకాహారులకి కాంటీన్లలో పాస్తా, అన్నం, బంగాళాదుంప ముద్ద, పెరుగు, పాలలో ఉడికించిన అన్నం, రొట్టె ఎప్పుడూ ఉంటాయి. సూపు మాంసం రసంతో చేసినదై ఉండొచ్చు, పాస్తా మీద పోసే సాసూ అంతే. ‘సాన్ వియాండ్’ (మాంసం లేకుండా) అని అడిగితే చేపా, హామూ (పంది మాంసం) పెట్టేసే అవకాశం ఉంది, కాబట్టి అవి కూడా వద్దని విడిగా చెప్పండి. గోధుమ కాని నల్లటి పిండితో అట్టులా చేసే గాలెట్‌లో హామ్ తీసేయమంటే గుడ్డు, చీజుతో ఇస్తారు. అది మంచి భోజనం. పూట భోజనం పది యూరోలు అటూ ఇటూ. చిన్న నోట్లు జేబులో ఉంచుకుంటే క్యూలో పని త్వరగా అవుతుంది. ఊళ్లలో ఇళ్ల ముందు బల్లలు వేసి నీళ్లు, కాఫీ, క్రేపులు (పల్చటి అట్లు) ఉచితంగా పెడతారు. లా తానియేర్ అనే పల్లెలో క్రేపులకి వాళ్లు అడిగే ధర మీ ఊరి నుంచి ఒక పోస్టుకార్డు. తప్పకుండా పంపండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా బేకరీలు మూసి ఉంటాయి. నీళ్లకి శ్మశానాల్లోని కుళాయిలు మంచి ఆధారం, తాగరానివని బోర్డు లేకపోతే.

యంత్రం సంగతి. పెద్ద కంట్రోళ్లలో మెకానిక్కులుంటారు, విడిభాగాలకి డబ్బు తీసుకుంటారు, ట్యూబు, టైరు, కేబులు దొరుకుతాయి, మీ చక్రానికి సరిపోయే స్పోకు దొరుకుతుందన్న నమ్మకం లేదు. వెనక కుడివైపు స్పోకులు రెండు సీటుపోస్టుకి టేపుతో కట్టి తీసుకెళ్లండి. ఎక్కువగా తెగేది వెనక గేరు కేబులు, షిఫ్టర్ (గేరు మార్చే మీట) లోపల తల దగ్గర పోగులు పోగులుగా విడిపోయి. గేరు మారడం బరువెక్కిందంటే అదే సూచన. బయల్దేరే ముందు నెలలో కేబులు, చైన్ కొత్తవి వేసి కనీసం 300 కిలోమీటర్లు తొక్కి చూడాలి. టైరు 28 మిల్లీమీటర్లకి తగ్గొద్దు, బ్రెటాన్ (బ్రెస్ట్ వైపు ప్రాంతం) రోడ్ల మీద గరుకు కంకర చేతులకి తెలుస్తుంది. చేతివేళ్ల తిమ్మిరి, మెడ కండరాలు తల మోయలేకపోవడం రెండూ హ్యాండిల్ కిందికి ఉన్నప్పుడే ఎక్కువ, అందుకే ఒక సెంటీమీటరు ఎత్తుకోవడం మంచిది. వానకి సిద్ధంగా ఉండండి. 2007లో దాదాపు దారంతా వానే.

ద్రో చివరి కంట్రోలు. అక్కడ నుంచి రాంబుయే 45 కిలోమీటర్లే గానీ నిద్ర పట్టేది అక్కడే. తెల్లవారుజామున అయితే బల్ల మీద తల వాల్చి పావుగంట పడుకుని లేవండి. ముగిశాక సైకిలు విప్పే పని మర్నాటికి ఉంచాలి, చేతుల్లో పట్టు ఉండదు, టార్క్ (బోల్టు ఎంత బిగించాలో) తెలియదు. విమానం ముగింపు గడువు తర్వాత కనీసం ఒకటిన్నర రోజు ఆగి పెట్టుకోండి. సైకిలు పెట్టె ఆ నాలుగు రోజులూ ఎక్కడ దాచుకుంటారో గది బుక్ చేసేటప్పుడే హోటలువాళ్లతో మాట్లాడి రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలి.