కాటా గదిలో పాత జీ41 బోర్డు: ఏళ్ల వాడకం తర్వాత బయోస్ సెట్టింగుల మీద నా సమీక్ష

జీ41 చిప్‌సెట్, అవార్డ్ బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) ఉన్న పాత మదర్‌బోర్డును ఇంకా నమ్ముకోవచ్చా అని అడిగితే, కాటా కంప్యూటర్‌కైతే నిశ్చింతగా నమ్ముకోవచ్చు అంటాను. బయోస్‌లో ఓ అయిదారు సెట్టింగులు సరిగ్గా ఉంటే చాలు. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక రైస్ మిల్లులో కాటా, లెక్కలు నేనే చూస్తాను. ఏళ్ల తరబడి అక్కడ నడుస్తున్నది ఈ బోర్డే. కోర్ 2 డుయో ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, విండోస్ 7. ఆ విండోస్‌కు సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగిపోయింది కాబట్టి నెట్ కనెక్షన్ అసలు ఇవ్వలేదు.

దీన్ని మార్చకపోవడానికి అసలు కారణం వెనకవైపు ఉన్న పోర్టులు. లారీ కాటా ఎక్కగానే ఇండికేటర్ నుంచి బరువు వచ్చేది తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్ మీద. స్లిప్పు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ది ప్యారలల్ పోర్టు. యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టుకోవచ్చు కదా అంటారు. దాన్ని ఒక సాకెట్‌లోంచి తీసి ఇంకోదాంట్లో పెడితే చాలాసార్లు కామ్ పోర్టు నంబరు (సీరియల్ పోర్టుకు విండోస్ ఇచ్చే నంబరు) మారిపోతుంది, సాఫ్ట్‌వేర్‌లో బరువు కనపడదు. బోర్డు మీదున్న పోర్టుకు ఆ బెడద లేదు. ‘ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్’ అనే పేజీలో సీరియల్ పోర్టును ఆటో మీద వదలకుండా 3ఎఫ్8/ఐఆర్‌క్యూ4 (పోర్టు అడ్రసు, ఇంటరప్ట్ నంబరు) అని పెట్టాను. అది ఎప్పుడూ కామ్1 గానే ఉంటుంది. ప్యారలల్ పోర్టుకు 378/ఐఆర్‌క్యూ7, మోడ్ ఎస్‌పీపీ, అంటే మామూలు పద్ధతి. పాత ప్రింటర్లకు ఈసీపీ, ఈపీపీ అనే వేగం పద్ధతులతో పనిలేదు.

ఈ బయోస్‌లో నాకు అన్నిటికంటే విలువైనది ‘ఏసీ బ్యాక్ ఫంక్షన్’. పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో ఉంటుంది. కొన్ని బోర్డుల్లో దీన్నే ‘రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ అంటారు. కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ ఏం చేయాలో చెప్పేది ఇదే. సాఫ్ట్ ఆఫ్ అంటే మనం బటన్ నొక్కేదాకా పడుకునే ఉంటుంది. ఫుల్ ఆన్ అంటే కరెంటు రాగానే లేస్తుంది. మెమరీ అంటే పోయేటప్పుడు ఏ స్థితిలో ఉందో ఆ స్థితికే వస్తుంది. చాలామంది ఫుల్ ఆన్ పెట్టమంటారు. నా మాట వింటే మెమరీ పెట్టండి. రాత్రి మేం షట్‌డౌన్ చేసి వెళ్లాక కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చినా అది కదలదు. పగలు కోతల సీజన్లో ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నప్పుడు యూపీఎస్ బ్యాటరీ కూడా చేతులెత్తేస్తే, కరెంటు రాగానే తనంతట తనే లేస్తుంది. వడ్ల సీజన్లో ఎంత టెన్షన్ తగ్గుతుందో కాటా దగ్గర కూర్చున్నవాళ్లకే తెలుసు.

దీనికి జోడీ ‘హాల్ట్ ఆన్’. ఆన్ అయ్యేటప్పుడు ఏ లోపం కనపడితే ఆగిపోవాలో చెప్పేది ఇదే. దీన్ని ‘ఆల్, బట్ కీబోర్డ్’ మీద పెట్టాలి. ఊక దుమ్ముకు మా దగ్గర కీబోర్డులు ఎక్కువకాలం బతకవు. ఇలా పెట్టకపోతే కీబోర్డు పాడైన రోజు మెషిన్ ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోతుంది. ‘నో ఎర్రర్స్’ మాత్రం వద్దు, నిజంగా తెలియాల్సిన లోపాలు కూడా దాటేసి పోతుంది.

ఇవన్నీ నిలబడేది ఒక చిన్న సీఆర్2032 బ్యాటరీ మీద. 3 వోల్టుల బిళ్ల అది. మెయిన్ ఆపేసిన రాత్రి గడియారాన్ని, సెట్టింగుల్ని కాపాడేది అదే. అది అయిపోతే పొద్దున ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’ అని వచ్చి ఎఫ్1 నొక్కమంటుంది. తొందరలో ఎఫ్1 నొక్కి పనిలో పడితే తేదీ ఎక్కడికో వెనక్కి పోయి ఉంటుంది. నెట్ లేదు కాబట్టి తనంతట తను సరిచేసుకోదు. మా దగ్గర అలాగే ఒక స్లిప్పు మీద 2009 అని పడింది. లారీ డ్రైవర్ దాన్ని వెలుగులో పెట్టి చూసి, “ఏందన్నా ఇది, నేను లారీ ఎక్కకముందు తేదీ వేశావు” అన్నాడు. స్లిప్పు మార్చి ఇచ్చాకే బండి తీశాడు, అతని పక్షాన న్యాయం ఉంది. అందుకని గడియారం రోజూ కాస్త వెనకబడుతుంటే బ్యాటరీ మార్చేయండి. ప్లగ్ పీకి, పక్కనున్న క్లిప్పును గోరుతో వెనక్కి నెడితే బిళ్ల పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది నొక్కాలి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి సెట్టింగులన్నీ మళ్లీ పెట్టాలి. ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీసి, ప్రింట్ చేసి క్యాబినెట్ తలుపు లోపల అంటించాను. నేను లేని రోజు మా తమ్ముడు దాన్ని చూసే పెట్టేస్తాడు.

వేడి సంగతి. రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లా ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కాటా గది రేకుల కప్పు. ‘స్మార్ట్ ఫ్యాన్ కంట్రోల్’ ఆపేస్తే ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది. మిల్లు మోతలో ఆ చప్పుడు ఎవరికి వినపడుతుంది? ఫ్యాన్ ఫెయిల్ వార్నింగ్ ఆన్‌లో ఉంచండి. ఊక దుమ్ము మాత్రం బ్లోయర్‌తో మీరే తీయాలి.

లోటు కూడా ఉంది. ఎస్ఎస్‌డీ వేసినవాళ్లందరూ ఏహెచ్‌సీఐ మోడ్ (డిస్కును నడిపే కొత్త పద్ధతి) కోసం వెతుకుతారు. ఈ బోర్డులో సాటా (డిస్కులు తగిలించే పోర్టులు) చూసుకునేది ఐసీహెచ్7 చిప్, అందులో ఏహెచ్‌సీఐ లేనే లేదు. బయోస్ అప్‌డేట్ చేసినా రాదు, దానికోసం రిస్క్ తీసుకోవద్దు. ఐడీఈ అనే పాత మోడ్‌లోనే ఎస్ఎస్‌డీ నడుస్తుంది. ఈ సాటా వేగానికి సెకనుకు 300 ఎంబీ దాటదు, అయినా హార్డ్‌డిస్క్‌తో పోలిస్తే విండోస్ లేవడంలో తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. 2 టీబీ దాటిన డిస్క్ నుంచి విండోస్ బూట్ చేయాలంటే ఇది పనికిరాదు. విండోస్ 11 సంగతి అడగనే వద్దు.

ఇంట్లో పిల్లల చదువుకో, నెట్ వాడకానికో అయితే దీని మీద డబ్బు పెట్టొద్దు. కాటా, డాట్ మ్యాట్రిక్స్ బిల్లింగ్ లాంటి పనులకు ఎవరైనా తీసేస్తున్న బోర్డు దొరికితే మాత్రం వదులుకోకండి. కొనేముందు సీరియల్ పోర్టు పనిచేస్తుందో లేదో చూసుకోండి, మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో టార్చి వేసి చూడండి.