మార్చే పని పెట్టని గిటారు: యమహా పసిఫికా 112వి

ఆరేళ్లుగా నేను వాయిస్తున్న యమహా పసిఫికా 112వి ఎలక్ట్రిక్ గిటారులో ఇప్పటివరకు మార్చినవి తీగలు మాత్రమే. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు, శ్రుతి చేసే ట్యూనింగ్ కీలు, బాడీ మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జ్, రెండో కొసన తీగలు కూర్చునే గాడుల పట్టీ అయిన నట్, చివరకు నాబ్‌లు కూడా ఫ్యాక్టరీలో బిగించినవే ఉన్నాయి. గిటారు కొన్న కొద్ది నెలలకే ఏ భాగం తీసేసి ఏది పెట్టాలా అన్న ఆలోచన మొదలయ్యే ఈ వ్యాపకంలో ఇది కొంత వింతగా వినిపించవచ్చు. అందువల్ల ఈ సమీక్షలో గిటారు ఎలా ఉందో చెప్పడంతో పాటు, దానిని మార్చవలసిన అవసరం ఎందుకు రాలేదో కూడా వివరంగా రాయదలచుకున్నాను.

దీనికి ముందు నా దగ్గర ఉన్న గిటారు చూపులకు చాలా గొప్పది. దాని తయారీదారు పేరు ఇక్కడ అనవసరం. తీగలను రెండు కొసలా బిగించి పట్టి, ముందుకూ వెనక్కూ ఊగే తేలుడు బ్రిడ్జ్ దానికి ఉండేది. తీగల లాగుడుకూ, బాడీ వెనుక ఉండే స్ప్రింగుల లాగుడుకూ తూకం కుదిరినంతసేపే అటువంటి బ్రిడ్జ్ నిలకడగా ఉంటుంది. ఒక్క తీగ తెగితే మిగిలిన అయిదూ శ్రుతి తప్పుతాయి. మొత్తం శ్రుతిని అరమెట్టు దించాలన్నా మళ్లీ మొదటి నుంచి తూకం వేసుకోవలసిందే. అప్పుడప్పుడే నేర్చుకుంటున్న నాకు గంట సాధనలో అరగంట శ్రుతి చేసుకోవడానికే పోయేది. ధ్వని పలచగా ఉందని పికప్‌లు మార్చాను, శ్రుతి నిలవడం లేదని కీలు మార్చాను, రెండింటివల్లా చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. చివరకు అమ్మబోతే, కొనడానికి వచ్చినాయన నేను పెట్టిన ఖర్చును లెక్కలోకి తీసుకోకపోగా, పాత భాగాలు దాచారా అని అడిగారు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. గిటారు విషయంలో మద్దెల కొన్నిసార్లు నిజంగానే ఓడుగా ఉంటుంది. చాలాసార్లు మాత్రం మద్దెల బాగానే ఉండి దాని వార్లు సడలి ఉంటాయి. నెక్ (గిటారు మెడ) మెలి తిరిగినా, దాని మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లయిన ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా దిగినా, నెక్ కూర్చునే గాడి వదులుగా ఉన్నా అది ఓడు మద్దెలే, ఎందుకంటే వాటిని బాగుచేయించే ఖర్చు తక్కువ ధర గిటారు విలువతో పోటీ పడుతుంది. తీగలు ఎత్తుగా ఉండడం, పన్నెండో ఫ్రెట్ దాటాక స్వరం తేడాగా పలకడం, ఒక తీగ బిగ్గరగానూ పక్కది మందంగానూ వినిపించడం వంటివి వార్లు సడలడం లాంటివి. ఒక స్క్రూడ్రైవర్, సరిపడే అలెన్ కీలు, ఒక ట్యూనర్, కాస్త ఓపిక ఉంటే అవి కుదురుకుంటాయి. కాబట్టి కొనే రోజున డబ్బు పెట్టవలసింది మొదటి రకం విషయాల మీద. 112వి నాకు నచ్చింది ఆ లెక్కలోనే.

పసిఫికా వరుసను యమహా 1990లో ప్రవేశపెట్టింది. 112విలో ఆల్డర్ కలప బాడీ, బోల్టులతో బిగించిన మేపుల్ నెక్, వేళ్లతో తీగలను నొక్కే రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు, 22 ఫ్రెట్లు ఉంటాయి. నట్ నుంచి బ్రిడ్జ్ వరకు మోగే తీగ పొడవు 25.5 అంగుళాలు, అంటే సుమారు 648 మి.మీ.; ఫెండర్ కంపెనీ తన టెలికాస్టర్, స్ట్రాటోకాస్టర్లకు మొదటి నుంచీ వాడుతున్న కొలత ఇదే. ఫింగర్‌బోర్డు అడ్డంగా ఎంత వంపు తిరిగి ఉందన్నది చాలామంది పట్టించుకోరు గానీ, చేతికి తెలిసే తేడా అక్కడే ఉంది. 1950ల నాటి ఫెండర్లలో ఆ వంపు వ్యాసార్ధం 184 మి.మీ. ఉండగా ఇందులో 350 మి.మీ., అంటే ఇది చాలా చదునైనది. వంపు ఎక్కువగా ఉన్న నెక్ మీద తీగలను కిందికి దించి, పై ఫ్రెట్ల దగ్గర ఒక తీగను పక్కకు గట్టిగా లాగితే, అది మధ్యలో ఉబ్బిన ఫ్రెట్లకు తగిలి స్వరం చటుక్కున ఆగిపోతుంది. ఈ నెక్ మీద తీగలు తక్కువ ఎత్తులో ఉన్నా ఒకటిన్నర మెట్టు లాగి పలికించగలుగుతున్నాను.

నెక్ దగ్గరా మధ్యలోనూ ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌లు, బ్రిడ్జ్ దగ్గర రెండు చుట్టల హంబకర్ పికప్, అయిదు స్థానాల స్విచ్, ఒక వాల్యూమ్, ఒక టోన్: విద్యుత్ అమరిక అంతా ఇంతే. టోన్ నాబ్‌ను పైకి లాగితే హంబకర్‌లోని రెండు కాయిళ్లలో ఒకటే పనిచేస్తుంది. మూడు పికప్‌లలోనూ ఉన్నవి ఆల్నికో 5 అనే మిశ్రలోహపు అయస్కాంతాలు. ఈ అమరికలో బ్యాటరీ లేదు, సర్క్యూట్ బోర్డు మీద నడిచే విచిత్రాలు లేవు. ఎప్పుడైనా గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్‌ను పదిసార్లు అటూ ఇటూ తిప్పితే చాలు.

అయితే ఒకే మోడల్‌లో రెండు గిటార్లు అచ్చం ఒకేలా ఉండవు కనుక, ఏ గిటారునైనా చేతిలోకి తీసుకుని చూడకుండా నిర్ణయించకూడదు. నేను చూసుకున్న పద్ధతి చెబుతాను. ముందు కీలు ఉండే తల భాగమైన హెడ్‌స్టాక్ వైపు నుంచి కన్ను ఆనించి, నెక్ రెండు అంచులూ సమానంగా సాగుతున్నాయో లేదో చూశాను. అరచేతిని నెక్ అంచు వెంట నట్ నుంచి చివరి వరకు జరిపి, ఫ్రెట్ల కొసలు గుచ్చుకుంటున్నాయేమో చూశాను. తరువాత ఆరు తీగల మీదా 22 ఫ్రెట్లనూ ఒక్కొక్కటిగా నొక్కి మీటాను. ఇది చూసేవారికి విసుగు పుట్టించే పనే, కానీ పది నిమిషాల మొహమాటం కోసం పదేళ్ల వస్తువును వదులుకోలేం. యాంప్‌కు (ధ్వనిని పెంచి వినిపించే ఆంప్లిఫయర్‌కు) కలపనప్పుడు వినిపించే చిన్న జరజర యాంప్‌లో వినిపించకపోతే దానిని లెక్కపెట్టనక్కరలేదు. ఒకే ఫ్రెట్ దగ్గర పదేపదే స్వరం చచ్చిపోతుంటే మాత్రం ఆ గిటారును తిరిగి ఇచ్చేయడమే మంచిది. బయటి తీగలు రెండూ నెక్ అంచులకు సమాన దూరంలో ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి. రంగు గురించి నేను చెప్పవలసింది ఏమీ లేదు.

ఇంటికి తెచ్చుకున్నాక చేసిన సర్దుబాటు గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే భాగాలు మార్చాలన్న కోరిక చాలావరకు సర్దుబాటు చేయని గిటారు నుంచే పుడుతుంది. కొత్త గిటారు ఏదైనా ఒక వాతావరణంలో తయారై, ఇంకొక వాతావరణానికి ప్రయాణం చేసి వస్తుంది కాబట్టి నెక్ కొంత కదలడం సహజం. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కిపట్టి చూస్తే, ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సుమారు పావు మిల్లీమీటరు సందు ఉండాలి. అంతకంటే ఎక్కువగా ఉంటే నెక్ లోపల ఉండి దాని వంపును సర్దే కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను పావు చుట్టు బిగించి, కాసేపు ఆగి మళ్లీ చూడాలి. ఇక్కడ తొందరపడితే రాడ్ మరలు దెబ్బతింటాయి. ఆ తరువాతే బ్రిడ్జ్ మీది చిన్న స్క్రూలతో తీగల ఎత్తు సర్దుకోవాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకు 1.6 నుంచి 2 మి.మీ. మధ్య ఎత్తు నా చేతికి సరిపోయింది. ఎత్తు కుదిరాక స్వరస్థానం చూడాలి. పన్నెండో ఫ్రెట్ సరిగ్గా తీగ సగం పొడవు దగ్గర ఉంటుంది కనుక, అక్కడ తీగను వేలితో తాకీ తాకనట్లు పలికించిన స్వరమూ, నొక్కి పలికించిన స్వరమూ ట్యూనర్ మీద ఒకటిగా ఉండాలి. నొక్కినది హెచ్చుగా పలికితే, బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే శాడిల్‌ను వెనక్కు, తగ్గుగా పలికితే ముందుకు జరపాలి. ఆరు తీగలకూ కలిపి నాకు మొదటిసారి దాదాపు గంట పట్టింది, ఇప్పుడు పావుగంట చాలు.

శ్రుతి నిలవకపోతే అందరూ ముందుగా అనుమానించేది కీలను. నిజానికి కీలోని మరపన్ను కడ్డీ పన్నుచక్రాన్ని తిప్పగలదు గానీ, తీగ లాగుడుకు ఆ చక్రం కడ్డీని వెనక్కు తిప్పలేదు. శ్రుతి జారడానికి మామూలు కారణాలు కీకి వదులుగా చుట్టిన తీగ, ఇంకా సాగుతున్న కొత్త తీగ, నట్ గాడిలో ఇరుక్కుంటున్న తీగ. శ్రుతి చేస్తుండగా టిక్కుమని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారిగా ఎగిరితే అది నట్ పనే. గాడిలో మెత్తటి పెన్సిల్ మొనను నాలుగుసార్లు రుద్దితే ఆ గ్రాఫైట్ పొడి మీద తీగ సాఫీగా జారుతుంది. తీగను బిగించి పట్టే లాకింగ్ కీలకు పెట్టబోయే డబ్బు ఇలా పెన్సిల్‌తో మిగిలింది.

బ్రిడ్జ్ విషయంలో నేను తీసుకున్న నిర్ణయం అందరికీ నచ్చకపోవచ్చు. బార్ అనే కడ్డీతో ఊపి స్వరాన్ని మార్చే పాత తరహా ట్రెమలో బ్రిడ్జ్ ఇందులో ఉంది. వెనుక మూత విప్పి, స్ప్రింగులను పట్టి ఉంచే స్క్రూలను కొద్దికొద్దిగా బిగించి, బ్రిడ్జ్ బాడీకి పూర్తిగా ఆనేటట్లు చేశాను. ఇప్పుడు బార్‌ను కిందికి నొక్కి స్వరాన్ని దించవచ్చు గానీ పైకి లేపడం కుదరదు. బదులుగా ఒక తీగ తెగినా మిగిలినవి శ్రుతిలోనే ఉండి పాట పూర్తవుతుంది. బార్‌ను విరివిగా వాడేవారు ఈ గిటారును ఎంచుకోకపోవడమే మేలని నా అభిప్రాయం.

ధ్వని గురించి మితంగానే చెబుతాను. నెక్ పికప్ స్వచ్ఛంగా, గుండ్రంగా పలుకుతుంది. హంబకర్‌తో డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే ప్రభావం) పెట్టి వాయిస్తే కార్డులు గట్టిగా నిలబడతాయి. టోన్ నాబ్ పైకి లాగినప్పుడు ధ్వని పలచబడి, బిగ్గర తగ్గుతుంది. దానిని నేను నెలకొకసారి కూడా వాడను. సింగిల్ కాయిళ్లలో వినిపించే హమ్ ఈ గిటారుకు ప్రత్యేకమైన లోపం కాదు. ఒకే కాయిల్ ఉన్న ఏ పికప్ అయినా చుట్టూ ఉన్న కరెంటు తీగల గుయ్యిమనే శబ్దాన్ని పట్టుకుంటుంది. హంబకర్‌లో రెండు కాయిళ్లను ఎదురెదురు దిశల్లో కలపడం వల్ల ఆ శబ్దం ఒకదానికొకటి రద్దవుతుంది. మొదట్లో నాకు సన్న తీగలు వణికినట్లు మోగేవి. పికప్‌లను అరచుట్టు చొప్పున కిందికి దించితే, అయస్కాంతం తీగలను లాగడం తగ్గి ఆ వణుకు పోయింది. పికప్‌లు మార్చాలనుకునేవారు ముందు ఈ ఎత్తు మార్చి చూడాలి, తరువాత వేరే యాంప్‌లో గిటారును విని చూడాలి. వినిపించేది చివరకు స్పీకరే కాబట్టి, అరచేతి వెడల్పు స్పీకరు ఉన్న యాంప్‌కు ఎంత ఖరీదైన పికప్ కలిపినా వచ్చే మేలు స్వల్పం.

ఇంత చెప్పాక కూడా మెరుగైన భాగాలు కావాలనిపిస్తే, అదే వరుసలోని 612విని ఒకసారి చూడవచ్చు. సేమర్ డంకన్ పికప్‌లు, విల్కిన్సన్ బ్రిడ్జ్, గ్రోవర్ లాకింగ్ కీలు అందులో ముందే బిగించి వస్తాయి. తీగ పొడవు, ఫ్రెట్ల సంఖ్య, బోల్టు నెక్ అన్నీ 112విలో ఉన్నవే. అంటే 112వి కొన్నవారు రెండు మూడేళ్లలో విడివిడిగా కొనాలనుకునే సామాను జాబితాయే 612వి. ఆ జాబితా నిజంగా అవసరమని తెలిసినవారు మొదటే దానిని కొనడం లాభం. తెలియనివారికి 112వి చాలు. మధ్యలో ఉన్న 212వి ప్రధానంగా పైన అతికించిన అందమైన మేపుల్ పొర కోసం కొనేది. అందం కోసం ఖర్చు పెట్టడం తప్పేమీ కాదు, కానీ అది ధ్వని కోసమని మనల్ని మనం నమ్మించుకోకూడదు.

ఇంతకంటే సరళమైనది కావాలనేవారికి వేరే దారులు ఉన్నాయి. టెలికాస్టర్‌కు ఆ పేరు వచ్చింది 1951లో. రెండు పికప్‌లు, రెండు నాబ్‌లు, కదలని బ్రిడ్జ్ ఉన్న ఆ అమరిక ఇప్పటికీ అలాగే సాగుతోంది. ఫెండర్ వారి తక్కువ ధర బ్రాండ్ అయిన స్క్వయర్‌లో అది దొరుకుతుంది. 1954లో గిబ్సన్ విద్యార్థుల కోసం తెచ్చిన లెస్ పాల్ జూనియర్‌లో అయితే ఉన్నది ఒకే పికప్. ఎపిఫోన్ పేరుతో దాని చవక రూపం వస్తోంది. దాని తీగ పొడవు 628 మి.మీ. మాత్రమే కనుక అవే తీగలు అదే శ్రుతిలో కొంచెం మెత్తగా ఉండి, చిన్న వేళ్లకు సులువుగా లొంగుతాయి. అయితే లెస్ పాల్ తరహాలో వెనక్కు వాలిన హెడ్‌స్టాక్ కింద పడితే మెడ దగ్గర విరిగే ప్రమాదం ఎక్కువ. పసిఫికా హెడ్‌స్టాక్ తిన్నగా ఉండి, ఆరు కీలూ ఒకే వైపు ఉండడం వల్ల తీగలు నట్ మీదుగా దాదాపు సూటిగా సాగుతాయి. నా చేతిలో నుంచి ఇది రెండుసార్లు కింద పడింది; శ్రుతి పోయింది గానీ చెక్క పగల్లేదు.

బాగా లావు తీగలు వేసి, శ్రుతిని రెండు మూడు మెట్లు దించి వాయించే హెవీ మెటల్ వారు నట్ గాడులను వెడల్పు చేయించుకోవలసి ఉంటుంది కనుక, వారు తమ పనికి తగిన గిటారునే వెతుక్కోవడం మంచిది. నేను 9 నుంచి 42 కొలత (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) తీగలు వాడుతున్నాను. మధ్యలో ఒకసారి 10 నుంచి 46 వేసి చూస్తే బ్రిడ్జ్ ముందుకు లేచి, నెక్ కొంత వంగి, సర్దుబాటు అంతా మళ్లీ చేయవలసి వచ్చింది. ధ్వనిలో వచ్చిన తేడా ఆ శ్రమకు తగినంతగా నాకు వినిపించలేదు.

ఆరేళ్ల వాయింపుతో మొదటి మూడు ఫ్రెట్ల మీద, సన్న తీగల కింద, గోటికి తగిలేంత గాడులు పడ్డాయి. రోజూ అవే కార్డులు పట్టే చేతి కింద ఏ గిటారుకైనా పడే గాడులే అవి. ఫ్రెట్లను సమంగా అరగదీసి మెరుగు పెట్టించడానికి వచ్చే నెల గిటారును మరమ్మతుకు ఇస్తున్నాను. ఈ గిటారు మీద తీగలకు కాకుండా నేను పెట్టబోయే మొదటి ఖర్చు ఇదే.