షిర్డీ నుంచి రాలేగణ్ సిద్ధికి

షిర్డీ వెళ్లినవాళ్లు శని శింగణాపూర్ కూడా చూసుకుని రైలెక్కేస్తారు. మేమూ ఇన్నాళ్లూ అంతే. ఈసారి ఒక రోజు సెలవు మిగిలింది కదా అని సామాజిక కార్యకర్త అన్నా హజారే బాగు చేసిన ఊరు రాలేగణ్ సిద్ధికి బయల్దేరాం.

షిర్డీ లాడ్జిలో వేణ్ణీళ్లు బకెట్ లెక్కన అమ్మారు. దానికంటే అహల్యానగర్‌లో (పాత అహ్మద్‌నగర్) బస్టాండు దగ్గర దిగిన చిన్న హోటలే నయం. హారన్ల మోతకి నిద్ర సరిగా పట్టలేదు గానీ గది శుభ్రంగా ఉంది. పొద్దున్నే కారు మాట్లాడుకున్నాం. ఒప్పుకున్న డబ్బు ఒకటి, దిగేటప్పుడు అడిగింది ఇంకొకటి. పుణె రోడ్డులో వెళ్లే ఎర్ర ఎస్టీ (మహారాష్ట్ర ఆర్టీసీ) బస్సెక్కి, హైవే మీద దిగి ఆటో చూసుకోవడమే మేలు.

ఊళ్లో ముందు యాదవబాబా గుడికి వెళ్లండి. ఊరు మారిన కథంతా అక్కడే మొదలైంది. సారా బట్టీల పొయ్యిల్లోకి గుడి కలపని కూడా పీక్కెళ్లిన రోజులవి. 1975లో సైన్యం నుంచి తిరిగొచ్చిన హజారే తన డబ్బుతో గుడి బాగు చేయించడం మొదలుపెడితే, కుర్రాళ్లు వచ్చి చెయ్యి వేశారు. వాళ్లే తరుణ్ మండల్‌గా (యువజన సంఘం) ఏర్పడి బట్టీలు మూయించారు. తాగినవాళ్లని స్తంభానికి కట్టేసి కొట్టారని కూడా చెబుతారు. అది విన్నాక నాకు మనసొప్పలేదు.

బడి సంగతి మాత్రం వదలకుండా అడిగి తెలుసుకున్నాను. 1932లో ఒక్క గదితో మొదలైన ప్రాథమిక పాఠశాలే చాలాకాలం దిక్కు. పై చదువులకి మగపిల్లలు దగ్గరి పట్టణాలు శిరూర్, పార్నేర్ పోయేవాళ్లు. ఆడపిల్లల చదువు ఊళ్లోనే ఆగిపోయేది. గుడి పనికి, చెరువు కట్టలకి అలవాటైన శ్రమదానాన్నే బడికీ మళ్లించి, 1979లో హైస్కూలు తెచ్చుకున్నారు. వేరేచోట ఫెయిలైన పిల్లల్ని పిలిచి మరీ చేర్చుకోవడం ఈ బడి ప్రత్యేకత. మన దగ్గర ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి చూసి ఉన్నామేమో, ఆ మాట దగ్గరే కాసేపు ఆగిపోయాను.

ఆదివారం వెళ్లకండి, బడిని గేటు బయటి నుంచే చూసి రావాలి. మధ్యాహ్నం ఎండ కూడా గట్టిగానే ఉంటుంది. మేం గుడి అరుగు మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న జొన్నరొట్టె, పిఠ్లా (శనగపిండి కూర) తిన్నాం. డ్రైవరు అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టాడు.